పీట మీద కూర్చోలేకపోతున్నా... మా ఆవిడ కాలు నెడితే నొప్పి పట్టేసింది

ప్రశ్న: నా వయసు 42. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో లెక్కలు రాస్తాను. రోజుకు తొమ్మిది గంటలు కుర్చీలోనే. బరువు 78 కిలోలు, బీపీకి ఒక మాత్ర వేసుకుంటున్నాను. మొన్న ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకున్నాం. పీట మీద బాసింపట్టు వేసుకుని అరగంట కూర్చునేసరికి మోకాళ్లు రెండూ గాల్లోకి లేచి, నడుము వంగిపోయి, కాళ్లు తిమ్మిరెక్కాయి. మూడో కథకల్లా కుర్చీ తెప్పించుకోవాల్సి వచ్చింది. ఇద్దరు కలిసి చేసే స్ట్రెచింగ్ మంచిదంటే మొదలుపెట్టాం. మంచం మీద వెల్లకిలా పడుకుంటే మా ఆవిడ కాలు పైకెత్తి నెట్టింది. పళ్ల బిగువున ఓర్చుకున్నాను. మర్నాటి నుంచి పిరుదు కింద ఎముక దగ్గర నాలుగు రోజులు నొప్పి. ఇప్పుడు లేదు. మళ్లీ చేయొచ్చా? ఎంత బలంగా నెట్టాలి? మా పాపకు 13 ఏళ్లు, కూచిపూడి నేర్చుకుంటోంది. అరమండి (మోకాళ్లు పక్కలకు తిప్పి సగం కూర్చునే భంగిమ) లోతుగా కూర్చోవడం లేదు. తనకూ ఇలాగే సాయం చేయొచ్చా?
- ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: చేయొచ్చు. కాకపోతే మీ శ్రీమతి అసలు నెట్టకూడదు. ఈ పద్ధతిలో బలం పెట్టాల్సింది పడుకున్న మనిషి. సాయం చేసేవారు గోడలా కదలకుండా ఆనుగా ఉండాలి, అంతే. మీ ఇంట్లో ఇది తిరగబడింది: ఆవిడ బలం పెట్టారు, మీరు ఓర్చుకున్నారు.

ముందు నొప్పి సంగతి తేల్చుకుందాం. తొడ వెనక ఉండే హామ్‌స్ట్రింగ్ కండరాలు పిరుదు కింద, మనం కూర్చున్నప్పుడు నేలకు ఆనే ఎముక దగ్గర అతుక్కుని ఉంటాయి. మోకాలు వంగకుండా కాలు ఎత్తి నెడితే లాగుడంతా ఆ అతుకు మీద పడుతుంది. మీకు నొప్పి వచ్చిందీ సరిగ్గా అక్కడే. నాలుగు రోజుల్లో పోయింది కాబట్టి చిన్నగా పీకినట్టే అనుకోవచ్చు. అయినా మళ్లీ మొదలుపెట్టే ముందు మూడు పనులు చేసి చూడండి. గట్టి బల్ల మీద పది నిమిషాలు కూర్చోండి. రెండంతస్తుల మెట్లు ఎక్కండి. తర్వాత బోర్లా పడుకుని, మీ శ్రీమతి చీలమండ దగ్గర చెయ్యి అడ్డం పెడితే మడమను పిరుదు వైపు లాగండి. మూడింటిలో ఏ ఒక్కదానికి నొప్పి వచ్చినా ఇంకో వారం ఆగాలి. తొడ వెనక కమిలినట్టు నల్లబడినా, మోకాలు వంచే బలం తగ్గినట్టు అనిపించినా ఎముకల డాక్టరుకు చూపించుకోండి. నొప్పి మోకాలు దాటి పిక్కలోకి, పాదంలోకి కరెంటు పాకినట్టు దిగుతుంటే అది కండరం గొడవ కాదు, నరానిది. దాన్ని ఎంత సాగదీస్తే అంత రేగుతుంది.

అసలు పొరపాటు ఎక్కడ జరిగింది? మోకాటి చిప్ప కింద డాక్టరు చిన్న సుత్తితో తడితే కాలు దానంతటదే ఎగురుతుంది కదా. కండరాన్ని చటుక్కున లాగితే అది బిగుసుకుంటుంది, తనను తాను కాపాడుకోవడానికి. ఆవిడ నెట్టేకొద్దీ మీ కండరం బిగుసుకుంది, మీరు ఊపిరి బిగబట్టేసరికి ఇంకా బిగిసింది. ఇద్దరి మధ్యా నలిగింది ఆ అతుకు. పైగా మంచం. పరుపు దిగిపోతుంది కాబట్టి కాలు పైకెత్తగానే నడుము గుండ్రంగా పైకి లేస్తుంది. కాలు బాగా వస్తోందని ఆవిడ అనుకుంటారు, నిజానికి తిరిగింది నడుము. ఇక నుంచి నేల మీదే చేయండి. చాప మీద బొంత రెండు మడతలు వేస్తే చాలు.

పడుకున్న మనిషే ఎదురు బలం పెట్టి, వదిలి, అప్పుడు సాగే ఈ పద్ధతిని ఫిజియోథెరపీలో పీఎన్ఎఫ్ అంటారు. 1940లు, 50ల్లో అమెరికాలో హెర్మన్ కబాట్ అనే నరాల వైద్యుడు, మార్గరెట్ నాట్, డొరొతీ వాస్ అనే ఫిజియోథెరపిస్టులు పోలియో లాంటి జబ్బులతో చచ్చుబడ్డ కాళ్లూచేతుల్లో కదలిక తేవడానికి దీనికి రూపమిచ్చారు. ఆటగాళ్లు, నర్తకులు దాన్ని ఒళ్లు సాగడానికి వాడుకోవడం తర్వాతి సంగతి. గుంటూరులో ఏ ఫిజియోథెరపిస్టు దగ్గర ఈ మాట అన్నా వెంటనే అర్థమవుతుంది. ఒక్కసారి వెళ్లి మీ ఇద్దరూ కలిసి చేయి పెట్టే పద్ధతి చూసి వస్తే ఇంకా మంచిది.

ఇప్పుడు తొడ వెనక కండరానికి ఎలా చేయాలో చెబుతాను. ముందు పది నిమిషాలు చురుగ్గా నడవండి. మీకు దగ్గర్లోనే ఎన్టీఆర్ స్టేడియం ఉంది, సాయంత్రం ఒక నడక వేసి వచ్చి మొదలుపెట్టడం అన్నిటికన్నా సుఖం. ఎండాకాలంలో ఎలాగూ ఒళ్లు కాలిపోతోంది కదా అనుకోకండి. గుంటూరు ఎండ వేడి చర్మానికే. కండరం లోపల వేడెక్కాలంటే అది పని చేయాలి. పొద్దున్నే నిద్ర లేవగానే మాత్రం వద్దు. రాత్రంతా పడుకున్నప్పుడు వెన్నెముక మధ్య డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి. లేచిన మొదటి గంటలో నడుము వంచే పనులకు అవి తొందరగా నొచ్చుకుంటాయి.

పైజమా గానీ ట్రాక్ ప్యాంటు గానీ వేసుకోండి, లుంగీతో కుదరదు. వెల్లకిలా పడుకుని ఎడమ కాలు నేల మీద చాపి ఉంచండి. నడుము నొప్పి ఉన్నవాళ్లయితే ఆ మోకాలు వంచి పాదం నేలకు ఆనించాలి. మీ శ్రీమతి మీ ముఖం వైపు తిరిగి కుడి కాలి పక్కన ఒక మోకాలు నేలకు ఆనించి కూర్చుని, మీ మడమకు కొంచెం పైభాగాన్ని తన భుజం మీద పెట్టుకోవాలి. భుజం ఎందుకంటే, ఒక కాలు మన బరువులో ఆరో వంతు దాకా ఉంటుంది. మీ కాలు పన్నెండు పదమూడు కిలోలు. దాన్ని చేతుల మీద మోస్తే రెండో నిమిషానికి ఆవిడ నడుము పట్టేస్తుంది. కాలు బాగా కిందనే ఆగిపోతుంటే ఆవిడ వజ్రాసనంలో కూర్చుని భుజం దించుకోవాలి. ఒక చెయ్యి మీ తొడ ముందు వైపు, మోకాటి చిప్పకు నాలుగు వేళ్ల పైన. చిప్ప మీద అరచెయ్యి పెట్టి అదిమితే మోకాలు వెనక్కి విరుగుతుంది, ఇది అందరూ చేసే తప్పు. రెండో చెయ్యి మీ ఎడమ తొడ మీద తేలిగ్గా వేసి, అది నేల నుంచి లేస్తోందేమో కనిపెట్టాలి. ఎడమ తొడ లేచిందంటే హద్దు దాటినట్టే, కాలు కొంచెం దించాలి.

కాలు మెల్లగా పైకి వస్తుంటే తొడ వెనక మొదటిసారి 'పట్టు' తగిలే చోటు ఒకటుంటుంది. అక్కడ ఆగండి. సున్నా అంటే ఏమీ లేదు, పది అంటే భరించలేను అనుకుంటే, అది నాలుగు దగ్గర ఉండాలి. పది సెకన్లు ఊపిరి పీల్చి వదులుతూ అక్కడే ఉండండి. ఇప్పుడు మడమతో ఆవిడ భుజాన్ని కిందికి అదమండి, కాలు నేలకు దించబోతున్నట్టు. ఆవిడ కదలరు. కాబట్టి కాలు కదలదు, కండరం మాత్రం బిగుస్తుంది. మీ బలంలో నాలుగో వంతు చాలు. ఒకటి నుంచి ఆరు దాకా పైకి లెక్కపెట్టండి. మనసులో వద్దు, గొంతు విప్పి లెక్కించాలి. అలా లెక్కించేటప్పుడు ఊపిరి బిగబట్టలేరు. బిగబట్టి బలం పెడితే రక్తపోటు ఒక్కసారిగా పైకి లేస్తుంది. బీపీ ఉన్న మీకు ఈ నియమం తప్పనిసరి. తల దిమ్ముగా ఉన్నా, ఛాతీ బరువుగా ఉన్నా ఆ రోజుకు ఆపేయండి.

ఆరు అనగానే బలం పూర్తిగా వదిలి, నోటితో నిదానంగా గాలి వదలండి. రెండు మూడు సెకన్లలో కాలు భుజం మీద బరువుగా వాలినట్టు ఆవిడకే తెలుస్తుంది. ఇక్కడ మీ పని ఇంకొకటుంది: తొడ ముందు కండరాలతో మీ కాలు మీరే పైకి తెచ్చుకోండి. రెండు వేళ్ల మందం వచ్చినా సరే. ఆవిడ భుజం ఆ వెంట వెళ్తుంది, ముందుకు మాత్రం తోయదు. కొత్త చోట 20 నుంచి 30 సెకన్లు ఉండండి. ఇలా మూడు సార్లు. ఒక కాలికి రెండున్నర నిమిషాల పైన పట్టదు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ మార్గదర్శకాలు కూడా ఇంచుమించు ఇవే లెక్కలు చెబుతాయి: 3 నుంచి 6 సెకన్ల బిగింపు, ఆపైన 10 నుంచి 30 సెకన్ల సాగదీత, వారానికి కనీసం రెండు మూడు రోజులు. మీ శ్రీమతి బరువు మీకన్నా తక్కువైతే పావు వంతు బలం దాటనే వద్దు. మీరు గట్టిగా తొక్కితే ఆవిడ వెనక్కి జారతారు, కాలు ఊగుతుంది, మళ్లీ పీకుతుంది. చెమటకు చెయ్యి జారకుండా పక్కన తువ్వాలు ఉంచుకోండి.

పాదం వదులుగా ఉంచాలి. వేళ్లను ముఖం వైపు లాగితే పని బాగా జరుగుతున్నట్టు అనిపిస్తుంది గానీ, అప్పుడు మోకాలి వెనక లాగేది పిక్క కండరమూ, కాలి వెంట దిగే సయాటిక్ నరమూ. లాగుడు తొడ మధ్యలో, కండ ఉన్న చోట తెలియాలి. మోకాటి గుంటలో గానీ, పిరుదు కింద ఎముక మీద గానీ తెలుస్తుంటే మోకాలు కొద్దిగా వంచి చేయండి. పాత నొప్పి ఉంది కాబట్టి మీరు మొదటి రెండు వారాలూ ఎలాగూ మోకాలు వంచే చేయాలి.

ఇద్దరికీ ఒక మాట ముందే కుదరాలి. 'చాలు' అంటే వెంటనే ఆగి కాలు కొంచెం దించడం. 'ఇంకొంచెం ఓర్చుకో' అనకూడదు. ఆవిడ మధ్యమధ్యలో 'ఎంత?' అని అడగాలి, మీరు అంకె చెప్పాలి. ఆరు దాటనివ్వకండి. పళ్లు బిగుసుకోవడం, భుజాలు చెవుల వైపు లేవడం, కాలు సన్నగా వణకడం కనిపిస్తే మీరు ఏ అంకె చెప్పినా ఆవిడ నమ్మకూడదు.

ఆవిడకు తీరిక లేని రోజు గుమ్మమే సాయం చేస్తుంది. గుమ్మంలో వెల్లకిలా పడుకుని ఒక కాలు అవతలి గదిలోకి చాపి, రెండో మడమను ద్వారబంధానికి ఆనించి అదమండి. ఆరు లెక్కపెట్టి, వదిలి, పిరుదును ఒక అంగుళం ద్వారం వైపు జరపండి. అదే పని.

ఇంతా చెప్పాక ఒక మాట. పీట మీద కూర్చోలేకపోవడానికి మీ తొడ వెనక కండరాలు ప్రధాన కారణం కాకపోవచ్చు. కాలివేళ్లు అందడానికి అవి కావాలి. బాసింపట్టుకు కావలసింది తుంటి దగ్గర తొడ బయటికి తిరగడం, అంటే తొడ లోపలి కండరాలూ, పిరుదు లోతులోని కండరాలూ వదులవడం. మీ ఉత్తరంలో 'మోకాళ్లు గాల్లోకి లేచాయి' అన్నారు చూడండి, ఆ బిగువు అక్కడిది. వ్రతం కోసమైతే వీటికే ఎక్కువ సమయం ఇవ్వండి.

గోడకు వీపు ఆనించి, నాలుగంగుళాల ఎత్తు మడత దుప్పటి మీద కూర్చోండి. అరికాళ్లు రెండూ కలిపి మోకాళ్లు పక్కలకు వదిలేయండి. మీ శ్రీమతి ఎదురుగా కూర్చుని మోకాళ్లకు కొంచెం ఎగువన, తొడల లోపలి వైపు అరచేతులు ఉంచుతారు. మీరు మోకాళ్లు పైకి మూయబోతున్నట్టు ఆరు సెకన్లు తోయాలి, ఆవిడ చేతులు కదలకూడదు. వదలండి. ఇప్పుడు మీ మోకాళ్లను మీరే నేల వైపు దించుకోండి, ఆవిడ చేతులు బరువు వేయకుండా వెంట వస్తాయి. 20 సెకన్లు. మూడు సార్లు. తొడ లోపలి వైపు లాగితే మంచిదే. గజ్జల్లో ముందు వైపు ఏదో నొక్కుకున్నట్టు, గుచ్చినట్టు ఉంటే అది కీలు అడ్డుకోవడం. అక్కడ ఎవరి బలమూ పనిచేయదు, పాదాలు ఇంకాస్త ముందుకు జరిపి ప్రయత్నించండి. మోకాలి పక్కన నొప్పి వస్తే ఆపేయాలి. మీ మోకాళ్ల మీద ఎక్కి నిలబడతామని, కూర్చుంటామని ఎవరన్నా ఒప్పుకోకండి.

రెండోది పిరుదుకు. వెల్లకిలా పడుకుని కుడి చీలమండను ఎడమ తొడ మీద, మోకాలికి ఎగువన అడ్డంగా పెట్టి, ఎడమ తొడను ఛాతీ వైపు తెచ్చుకోండి. ఆవిడ మీ ఎడమ కాలి పక్కన కూర్చుని ఒక చెయ్యి ఎడమ తొడ వెనక ఆసరాగా, రెండోది కుడి పిక్క బయటి వైపు ఉంచుతారు. మీరు కుడి పిక్కతో ఆవిడ చేతిని ఛాతీకి దూరంగా ఆరు సెకన్లు తోసి, వదిలి, తొడను ఇంకొంచెం దగ్గరకు తెచ్చుకోవాలి. తల నేల మీదే ఉండాలి. మెడ లేస్తుంటే కింద దిండు పెట్టండి.

వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక్కో రోజు విడుపుతో చేయండి. మిగతా రోజుల్లో రాత్రి భోజనమో టీవీయో నేల మీద, దుప్పటి మడత మీద పది నిమిషాలు. కొట్లో ముప్పావు గంటకొకసారి లేచి నాలుగడుగులు వేయండి. మొదటి రోజు చేయగానే కాలు బాగా పైకి వస్తుంది, గంట తిరిగేసరికి ఆ లాభంలో చాలా భాగం పోతుంది. కంగారు పడకండి. తొలి వారాల్లో కండరం పొడవు పెద్దగా మారదు. ఆ సాగుడు ప్రమాదం కాదని నరాల వ్యవస్థ అలవాటు పడి పట్టు సడలిస్తుంది. నిలకడైన తేడా కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పదిహేను రోజులకొకసారి బాసింపట్టు వేసుకుని మోకాలికీ నేలకూ మధ్య ఎంత ఉందో కొలవండి. జానెడు ఉన్నది బెత్తెడు అయితే చాలా బాగా వచ్చినట్టు. మర్నాడు తేలికపాటి లాగుడు మామూలే. రెండో రోజు దాటినా ఉంటే అతి చేశారన్నమాట. ఆదివారం షటిల్ ఆడే అలవాటుంటే ఆటకు ముందు ఇవి వద్దు. ఒక్కో కండరాన్ని నిమిషానికి మించి సాగదీస్తే కాసేపు దాని చురుకు తగ్గుతుంది. ఆట అయ్యాక చేసుకోండి.

మీ శ్రీమతికి మీరు చేయించేటప్పుడు ఇంకా జాగ్రత్త. మీ బలం ఎక్కువ, ఆవిడ మొహమాటానికి చెప్పకపోవచ్చు. మణికట్టు వంచి బొటనవేలు నొక్కితే ముంజేయి లోపలి వైపుకు తగిలేంత, మోచేయి వెనక్కి విరిగినట్టు కనిపించేంత వదులు ఒళ్లున్నవారికి సాగదీత అక్కర్లేదు, బలం పెంచే వ్యాయామం కావాలి. గర్భిణులు, తుంటి లేదా మోకీలు మార్పిడి అయినవారు, ఎముకలు గుల్లబారినవారు డాక్టరును అడగకుండా ఇవి చేయకూడదు. ఒక పిక్క వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే దాన్ని ముట్టుకోకుండా నేరుగా ఆసుపత్రికి.

పాప విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను: ఎవరూ నెట్టొద్దు. 13 ఏళ్ల వయసులో, మీకు నొప్పి వచ్చిన ఆ కూర్చునే ఎముక దగ్గర కండరం అతుక్కునే భాగం ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు. పెద్దవాళ్లలో కండరం పీకితే, ఈ వయసులో ఎముక ముక్కే ఊడి రావచ్చు. బలవంతంగా కాళ్లు చాపించి కూర్చోబెట్టినప్పుడు నృత్యం, జిమ్నాస్టిక్స్ పిల్లల్లో జరిగే గాయమే ఇది. ఎదిగే వయసులో ఎముకలు ముందు పెరిగి కండరాలు కొంత వెనకబడతాయి, అందుకని నిరుడు వచ్చిన అరమండి ఈ ఏడాది బిగుసుకున్నట్టు అనిపించడమూ ఉంది. అది పాప బద్ధకం కాదు.

అరమండిలో తొడ ఎంత బయటికి తిరుగుతుందన్నది కొంతవరకు తుంటి గిన్నె ఆకారమే నిర్ణయిస్తుంది, అది అందరికీ ఒకేలా ఉండదు. పాపను అద్దం ముందు అరమండిలో నిలబెట్టి చూడండి. మోకాటి చిప్ప రెండో కాలివేలి మీదుగా ఉండాలి. మోకాలు ముందుకు పడి, అరికాలి వంపు లోపలికి ఒరుగుతోందంటే పాదాలను తుంటి ఒప్పుకున్న దానికన్నా ఎక్కువ తిప్పిందన్నమాట. ఆ తేడా అంతా మోకాలు మెలిపడి భరిస్తుంది. పాదాల కోణం తగ్గించి, సరైన వరుసలో ఎంత లోతు వస్తే అంతే కూర్చోమనండి, అక్కడే పది లెక్కపెట్టే బలం తెచ్చుకోమనండి. గురువుగారితో కూడా ఈ మాట మాట్లాడండి. మీరు చేయగల సాయం ఒక్కటే: అరికాళ్లు కలిపి కూర్చున్నప్పుడు చేతులు ఆనుగా పెట్టడం, మీరు చేసుకునే బలంలో సగంతో, మూడు అంకె దాటకుండా. మీ కాలు మోసే పని మాత్రం పాపకు చెప్పకండి. పదమూడు కిలోలు తనకు బరువు.

మళ్లీ వ్రతానికి కూర్చునేటప్పుడు పీట నడిమధ్యలో కాకుండా ముందంచు మీద కూర్చోండి. నడుము కింది భాగం కొంచెం ముందుకు ఒరిగి మోకాళ్లు వాటంతటవే దిగుతాయి. అవసరమైతే పీట మీద మడత తువ్వాలు వేసుకుని ఎత్తు పెంచుకోండి, మోకాళ్లు తుంటి కన్నా కిందకి రావాలి. కథలు ఐదు ఉంటాయి కదా, ఒక్కో కథ అయ్యాక కొబ్బరికాయ కొట్టే సమయంలో పైనున్న కాలు కిందికి, కిందున్నది పైకి మార్చుకోండి.